6 వోల్టుల డాడ్జ్ అంబులెన్స్: స్టార్టర్ మూలుగుతుంటే

అన్నా, కళింగపట్నం షెడ్డులో ఉన్న మీ డాడ్జ్ డబ్ల్యూసీ-54కి (రెండో ప్రపంచ యుద్ధం నాటి అమెరికా సైన్యపు అంబులెన్స్) కొత్త బ్యాటరీ వేసినా స్టార్టర్ మూలిగి ఆగిపోతోందని రాశారు. తొందరపడి స్టార్టర్ విప్పించకండి, 12 వోల్టులకూ మార్పించకండి. 1942-44 నాటి ఈ బండి 6 వోల్టులది. అంతే పవర్‌కి 12 వోల్టుల బండికన్నా రెట్టింపు కరెంటు లాగుతుంది. మీ ఫొటోలో బ్యాటరీ నుంచి స్టార్టర్‌కి వెళ్లే కేబుల్ చిటికెన వేలంత కూడా లేదు, అంత కరెంటు అది మోయలేదు! 50 చదరపు మిల్లీమీటర్ల రాగి వెల్డింగ్ కేబుల్ వేయించండి.

తర్వాత ఎర్త్, అంటే కరెంటు ఇంజన్, ఛాసిస్‌ల మీదుగా బ్యాటరీకి తిరిగొచ్చే దారి. ఆ సముద్రపు గాలికి తుప్పు పట్టకుండా ఉంటుందా? గేరు న్యూట్రల్‌లో పెట్టి, ఒకరు స్టార్టర్ తిప్పుతుంటే వోల్టులు కొలిచేలా పెట్టిన మల్టీమీటర్ వైరు మొన ఒకటి ఇంజన్ బ్లాకుకు, రెండోది బ్యాటరీ ఎర్త్ పోస్టుకు (బ్యాటరీ మీది సీసపు మొలకు) ఆనించండి. దాని మీద బిగించే క్లాంపుకు కాదు, పోస్టుకే. పావు వోల్టు దాటితే దొంగ దొరికినట్టే. విజయనగరంలో నా బండికి ఛాసిస్ మీద ఎర్త్ పట్టీ బిగించిన చోట పెయింటు కింద తుప్పు పొరలుగా లేచింది. ఇనుము మెరిసేదాకా గీకి, బిగించి, పైన గ్రీజు రాశాక ఒక్క తిప్పుకే అందుకుంది.

అన్నట్టు, ఎర్ర క్రాసు మళ్లీ వేయించకండి. కేంద్రం అనుమతి లేకుండా ఆ గుర్తు వాడటాన్ని 1960 నాటి జెనీవా ఒప్పందాల చట్టం ఒప్పుకోదు. ఆలివ్ గ్రీన్ రంగు కూడా రక్షణ శాఖ బళ్లకే.

మీటర్ ఎంత చూపించిందో రాయండి.