నీళ్లు ఎక్కువై గుడ్డులోనే చనిపోయిన బాతు పిల్లలు

ప్రశ్న: మాది నర్సంపేట దగ్గరి పల్లె. ఫ్యాన్, గుడ్లు తిప్పే మోటరు ఉన్న చిన్న ఇంక్యుబేటర్‌లో ఆగస్టులో 40 ఖాకీ క్యాంప్‌బెల్ బాతు గుడ్లు పెట్టాను. ఏడో రోజు లైటు పెట్టి చూసి పిల్ల కట్టని 6 తీసేశాను. మిగిలిన 34లో 11 మాత్రమే పిల్లలయ్యాయి. రెండు గుడ్లలో పిల్లలు ముక్కుతో పొడిచి ఆగిపోయాయి. 21 గుడ్లు పగలగొట్టి చూస్తే పిల్ల పూర్తిగా తయారైంది గానీ ఉబ్బిపోయి, నీళ్లలో నానినట్టు ఉంది. బాతు గుడ్లకు తేమ ఎక్కువ కావాలని చెబితే మొదటి రోజు నుంచే రెండు నీటి అరలూ నింపి ఉంచాను. తప్పెక్కడ జరిగింది? ఎండాకాలంలో పెట్టొచ్చా?

జవాబు: తప్పు ఆ నీటి అరల్లోనే ఉంది. 'బాతు గుడ్డుకు తేమ ఎక్కువ కావాలి' అన్నమాట చివరి మూడు రోజులకు వర్తిస్తుంది, మొదటి 25 రోజులకు కాదు. పొదిగే కాలంలో గుడ్డు పెంకు రంధ్రాల గుండా నీటిని కోల్పోవాలి. అట్లా పోయిన మేరకు లావు వైపు గాలి గది పెరుగుతుంది. పిల్ల మొదటిసారి ఊపిరి తీసుకునేది ఆ గాలితోనే. మీ గుడ్లలో నీరు బయటికి పోలేదు, గాలి గది పెరగలేదు, పిల్ల తిరగడానికి చోటు లేక ఊపిరాడక చనిపోయింది. 34లో 21 ఒకే తీరుగా పోయాయంటే విత్తన బాతుల లోపం కన్నా తేమ లోపమనే ఎక్కువగా అనుమానించాలి.

వానకాలంలో ఈ పొరపాటు తేలిగ్గా జరుగుతుంది. గదిలో 28 డిగ్రీల వేడి, 85 శాతం తేమ ఉన్న రోజున ఆ గాలి మెషీన్‌లోకి వెళ్లి 37.5 డిగ్రీలకు వేడెక్కినా దాదాపు 50 శాతం తేమ మిగులుతుంది. మనకు కావలసింది 55 శాతమే. అంటే చిన్న గిన్నెడు నీళ్లు చాలు, ముసురు పట్టిన రోజుల్లో అదీ అక్కర్లేదు. మే నెలలో లెక్క తారుమారవుతుంది. బయటి గాలి 42 డిగ్రీలు, 20 శాతం తేమతో ఉంటే 37.5 డిగ్రీల మెషీన్‌లో తేమ 25 శాతం దగ్గరే ఉంటుంది, అప్పుడు రెండు అరలు నింపినా చాలకపోవచ్చు. కాబట్టి 'ఎన్ని నీళ్లు పోయాలి' అన్నదానికి ఏడాది పొడవునా పనికొచ్చే జవాబు లేదు.

దాన్ని చెప్పేది తూకం. వంటింటి డిజిటల్ త్రాసు చాలు. పది గుడ్లకు పెన్సిల్‌తో గుర్తు పెట్టి, పెట్టే రోజునే కలిపి తూచండి. 25వ రోజుకు బరువు 12 నుంచి 14 శాతం తగ్గాలి. పది గుడ్లు 720 గ్రాములుంటే ఏడో రోజుకు 694, 14వ రోజుకు 668, 21వ రోజుకు 641, 25వ రోజుకు 626 గ్రాముల దగ్గర ఉండాలి. బరువు అంతకన్నా ఎక్కువ ఉంటే నీళ్లు తీసేయండి, తక్కువ ఉంటే పోయండి. మెషీన్ మీద కనిపించే తేమ అంకెను గుడ్డిగా నమ్మకండి. సీసా మూతలో ఉప్పు పోసి ముద్దయ్యేలా కొద్దిగా తడిపి, విడి తేమ మీటరుతో పాటు గాలి చొరని కవరులో 8 గంటలు ఉంచితే మీటరు 75 చూపాలి. 82 చూపితే అది 7 ఎక్కువ చెబుతున్నట్టే.

ఇక పొడిచి ఆగిపోయిన రెండు గుడ్ల సంగతి. వాటి పొర కాగితంలా ఎండి ఉంటే అది సరిగ్గా ఎదురు తప్పు. పిల్లలు వస్తున్నాయా అని మూత తీసి చూసినప్పుడల్లా తేమ ఒక్కసారిగా పడిపోయి, పొర పిల్లకు అంటుకుపోతుంది. 25వ రోజున తిప్పే మోటరు ఆపి, గుడ్లను గరుకు గుడ్డ మీద పక్కకు పడుకోబెట్టండి. న్యూస్ పేపరు పరిస్తే పిల్లల కాళ్లు జారి పక్కలకు చాచుకుపోతాయి. వేడి 37.2కు తగ్గించి, తేమ 70–75 శాతానికి పెంచి మూత వేసేయండి. తేమ నిలవాలని గాలి రంధ్రాలు మూయకండి, పిల్లలకు గాలి ఎక్కువ కావలసింది అప్పుడే. కోడిపిల్ల కంటే బాతుపిల్ల నిదానం. పొడిచాక బయటికి రావడానికి 24 నుంచి 48 గంటలు పట్టవచ్చు. మధ్యలో పెంకు ఒలిస్తే ఇంకా ఇంకిపోని నెత్తురు నాళాలు తెగి పిల్ల పోతుంది.

వేడి విషయంలో కోడిగుడ్డుకూ దీనికీ ఒక తేడా ఉంది. బాతు గుడ్డు పెద్దది, కొవ్వు ఎక్కువ. సగం రోజులు గడిచాక పిల్ల తన వేడి తనే పుట్టిస్తుంది. పదో రోజు నుంచి 24వ రోజు దాకా రోజుకోసారి మూత తీసి 15 నిమిషాలు చల్లారనివ్వండి. ఎండాకాలమైతే గోరువెచ్చని నీళ్లు పలుచగా చిలకరించండి, ముసురులో ఆ చిలకరింపు వద్దు. మెషీన్ 37.5 చూపుతోందా అన్నది జ్వరం చూసే డిజిటల్ థర్మామీటరుతో సరిచూసుకోవచ్చు, 99.5 ఫారన్‌హీట్ రావాలి.

ఎండాకాలం సంగతికొస్తే, మెషీన్‌లో హీటరు ఉంటుంది గానీ చల్లబరిచే ఏర్పాటు ఉండదు. గది 38 దాటితే గుడ్లు ఉడుకుతాయి. గదిని 30 డిగ్రీల లోపు ఉంచగలిగితేనే ఏప్రిల్, మే నెలల్లో పెట్టండి. పెట్టకముందు నిల్వ కూడా చూసుకోవాలి. 27 డిగ్రీల పైన గుడ్డు అరకొరగా ఎదగడం మొదలై మొదటి వారంలోనే చచ్చిపోతుంది, మనం దాన్ని పిల్ల కట్టలేదనుకుని పారేస్తాం. తడి ఇసుకలో దించిన కొత్త కుండలో, నీరు తగలకుండా పెట్టి, మూడు నాలుగు రోజుల్లో మెషీన్‌లోకి ఎక్కించండి. ఫ్రిజ్‌లో వద్దు.

మరి పిల్ల కట్టని ఆ ఆరు? 40లో ఆరు పెద్ద నష్టమేమీ కాదు. ఆరేడు ఆడ బాతులకు ఒక మగబాతు ఉండేలా చూసుకోండి. బాతులు తెల్లవారకముందే గుడ్డు పెడతాయి కాబట్టి ఎనిమిది గంటల దాకా వరిగడ్డి పరిచిన కొట్టంలోనే ఉంచితే బురద గుడ్లు తగ్గుతాయి. బురద అంటిన దాన్ని చన్నీళ్లతో కడిగితే క్రిములు పెంకు లోపలికి లాగబడి, గుడ్డు మురిగి మెషీన్‌లోనే పేలుతుంది. పొడి గుడ్డతో రాలినంతే తుడిచి, మరీ మురికివి పక్కన పెట్టండి. బూజు పట్టిన మక్కలు మాత్రం బాతులకు వేయకండి. ఆ విషం కోడి కంటే బాతుకు చాలా త్వరగా సోకి, పొదుగుడు శాతాన్నీ దెబ్బతీస్తుంది.

ఈసారీ ఇట్లాగే పోతే గుడ్లు పగలగొట్టకుండా, అదే రోజు వరంగల్ దగ్గరి మామునూరు పశువైద్య కళాశాలకు తీసుకెళ్లి చూపించండి. తూకాలు రాసిన కాగితం కూడా వెంట తీసుకెళ్లండి.