లేచి కూర్చున్నవాళ్ళతోనే జాగ్రత్త

చిరంజీవి మాధురికి పెద్దమ్మ ఆశీస్సులు.

ఒకటో తారీఖు నుంచి ఎమర్జెన్సీలో చేరుతున్నావనీ, మొదటి నెలంతా రాత్రి డ్యూటీలేననీ మీ అమ్మ నిన్న ఫోనులో చెప్పింది. దాని బెంగంతా నీ నిద్ర గురించీ, అర్ధరాత్రి ఆటోల గురించీ. నేను పక్కింటావిడను పిలిచి, "మా పిల్ల ఇక్కడే, చెన్నైలోనే, ఎమర్జెన్సీ డాక్టరు" అని రెండుసార్లు చెప్పుకున్నాను. తరువాత రాత్రంతా నిద్ర పట్టలేదు. దెబ్బ తగిలి వచ్చినవాడికి గాయమైనా దారి చూపిస్తుంది. దెబ్బేమీ లేకుండా స్పృహ తప్పి వచ్చినవాడు ఏమీ చెప్పడు.

ఊపిరి, నాడి, బీపీ, ఆక్సిజన్, వేలు పొడిచి షుగరు. ఇవి నీకు నేను చెప్పనక్కర్లేదు.

గ్లాస్గో స్కోరు అంటే మనిషికి స్పృహ ఎంత ఉందో చూడడానికి 1974లో టీస్‌డేల్, జెన్నెట్ ఇచ్చిపోయిన లెక్క. మొత్తం ఒక్కటే రాయకుండా కళ్ళకెంత, మాటకెంత, కదలికకెంత అని విడివిడిగా రాయి. ఎనిమిదికి దిగితే ఊపిరికి గొట్టం వెయ్యాలని అందరికీ వచ్చు. గొట్టం అందుకునే ముందు షుగరు పడిపోయిందేమో చూశావా? అట్టడుగున మూడు దగ్గర పడి ఉన్న మనిషి గ్లూకోజు ఎక్కగానే నీ ఊరేదని అడగవచ్చు.

అలా అడిగినావిడ గురించే ఈ ఉత్తరం.

1986లో నేను పీజీ రెండో ఏడు. ఆస్పత్రి ఏదన్నది నీకు అనవసరం. రాత్రి తొమ్మిదింటికి ఒక కొడుకు తల్లిని చేతుల మీద మోసుకొచ్చాడు. వ్యాసర్‌పాడిలో ఉండే తెలుగువాళ్ళు. ఆవిడ ఒళ్ళంతా చెమట, పిలిస్తే పలకదు. అప్పట్లో మా వార్డులో షుగరు చూసే మీటరు లేదు. రక్తం ల్యాబుకు పంపి, జవాబు కోసం ఆగకుండా 50 శాతం గ్లూకోజు 50 మిల్లీలీటర్లు నరంలోకి ఎక్కించాను. సిరంజి ఖాళీ అవుతుండగానే కళ్ళు తెరిచింది. కొంగు సర్దుకుని, "ఏమిటమ్మా ఇంతమంది పోగయ్యారు? నీదే ఊరు?" అంది. కొడుకు నా కాళ్ళ మీద పడబోయాడు. నాకప్పుడు ఇరవై ఆరేళ్ళు, కాళ్ళు నేల మీద ఆనలేదు. ఏకాదశి ఉపవాసం ఉన్నానంది. కారణం దొరికిందనుకుని కాఫీ, బన్ను తెప్పించి పెట్టాను. షుగరు మాత్ర వేసుకుంటావా అంటే ఔనంది. ఏ మాత్రో అడగలేదు. పదకొండింటికి ఇంటికి పంపేశాను.

ఆ మాత్ర గ్లిబెన్‌క్లమైడ్. ఒక్కసారి మింగితే దాని పని రోజంతా సాగుతుంది, మూత్రపిండాలు మందగిస్తే ఇంకా పైన. ఆవిడవి మందగించే ఉన్నాయని తరువాత తేలింది. నేనిచ్చిన 25 గ్రాముల గ్లూకోజు కాసేపట్లో ఖర్చయిపోయింది. మాత్ర మాత్రం ఇన్సులిన్‌ను తోడిపోస్తూనే ఉంది. తెల్లవారుజామున నాలుగింటికి గురక వినిపిస్తే, పాపం అలసిపోయింది, పడుకోనీ అనుకున్నారట. ఆరున్నరకు తెచ్చారు. మళ్ళీ అదే సిరంజి, అదే గ్లూకోజు. షుగరు పెరిగింది, ఆవిడ లేవలేదు. తొమ్మిది రోజులు బతికింది. కొడుకు నన్ను పల్లెత్తు మాట అనలేదు. రోజూ నా వెంట నడుస్తూ, "ఆ రాత్రి లేచింది కదమ్మా" అనేవాడు.

షుగరు మాత్రలు వేసుకునే మనిషి లేచి కూర్చుని నీతో కబుర్లు చెబితే మురిసిపోకు. పడకలు లేవని ఎవరు సణిగినా కనీసం 24 గంటలు ఉంచు, అన్నం పెట్టించు, గంట గంటకూ షుగరు చూడు, కిడ్నీ పరీక్ష పంపు. షుగరు మళ్ళీ మళ్ళీ పడిపోతుంటే ఇన్సులిన్‌ను అణిచే ఆక్ట్రియోటైడ్ ఇప్పుడు ఉంది, మాకు లేదు. "ఏదో చిన్న తెల్ల మాత్ర" అంటే ఒప్పుకోకు. ఎవరినైనా ఇంటికి పంపి మందుల కవరు మొత్తం తెప్పించు.

తక్కినవి నీకు తెలిసినవే. జ్వరంతో మెడ బిగుసుకుంటే యాంటీబయాటిక్ స్కానింగ్ కోసం ఆగకూడదు. ఆవగింజంత కంటిపాపలైతే నల్లమందు, పురుగుమందు, మెదడు కాండంలో రక్తస్రావం, మూడూ తలచుకో. సారా వాసన వచ్చిందని మూలకు నెట్టకు, ఆ వాసన ఎన్నిటినో దాచేస్తుంది. థయమిన్, అదే బి1 విటమిన్, మరిచిపోకు.

ఇంకొకటి, ఇది నా పిచ్చి అనుకున్నా సరే. రాత్రి నేల మీద పడుకుని, తెల్లారేసరికి రెప్పలు వాలి, కాలూ చెయ్యీ కదలని మనిషిని తెస్తే కట్లపాము గుర్తుకు రావాలి. ఇక్కడివాళ్ళు కట్టు విరియన్ అంటారు. కాటు గుర్తు కనిపించకపోవచ్చు. కంటిపాపలు కూడా వెలుగుకు కదలకపోతే మెదడు పోయిందనిపిస్తుంది. విరుగుడు ఇచ్చి, ఊపిరి యంత్రంతో నిలబెట్టు. అలాంటివాళ్ళకు లోపల అన్నీ వినిపిస్తూ ఉండవచ్చు. మంచం పక్కన నోరు జారకు.

సరే, చాలా తిట్టినట్టున్నాను. నీ జుట్టు ముడి వేసుకో, డ్యూటీకి ముందు ఏదైనా తిను. సందేహం వస్తే ఎన్ని గంటలకైనా ఫోను చెయ్యి. నాలుగింటికి నాకు ఎలాగూ మెలకువ వస్తుంది.

మీ పెద్దమ్మ