పాత ఇత్తడి మైక్రోస్కోప్ మీద ‘ఇ. లైట్స్, వెట్స్‌లార్’ అని ఉంది. అది ఏ కాలం నాటిది?

ముందు ట్యూబ్ మీద చెక్కిన నంబరు చూడండి. వయసు తేల్చేది అదే. లైట్స్ కంపెనీ తన లక్షో మైక్రోస్కోప్‌ను 1907లో క్షయ క్రిమిని కనుగొన్న శాస్త్రవేత్త రాబర్ట్ కోహ్‌కు బహూకరించింది. మీదాని మీద ఐదంకెల నంబరే ఉంటే దాదాపుగా అంతకంటే పాతదే.

జర్మనీలోని వెట్స్‌లార్‌లో ఈ పని మొదలుపెట్టింది కార్ల్ కెల్నర్, 1849లో. ఆయన చిన్న వయసులోనే పోయాడు. 1869లో ఎర్న్‌స్ట్ లైట్స్ సంస్థను చేతుల్లోకి తీసుకున్నాడు.

జర్మనీలోనే జేనా ఊళ్లో మరో మైక్రోస్కోప్ తయారీదారు కార్ల్ జైస్ 1846లోనే వర్క్‌షాప్ తెరిచాడు. మైక్రోస్కోపుల తయారీలో అసలు మలుపు మాత్రం అక్కడికి వచ్చిన భౌతికశాస్త్రవేత్త ఎర్న్‌స్ట్ అబ్బేదే అంటాను. అంతవరకు లెన్సులు మార్చి మార్చి చూసి, బొమ్మ స్పష్టంగా వచ్చేదాకా కుదిర్చేవారు. అబ్బే వాటి వంపు, దూరం ముందే లెక్కగట్టాడు. గాజు నిపుణుడు ఒట్టో షాట్ తయారుచేసిన కొత్త గాజుతో 1886లో అపోక్రోమాట్ లెన్సులు వచ్చాక, బొమ్మ అంచుల్లో కనిపించే రంగులు దాదాపు పోయాయి.

ఒక్క మాట: ఇత్తడే కదా అని చింతపండుతో తోమకండి! బంగారు రంగులో మెరిసేది పైనున్న లక్క పూత. అది పోతే సేకరించేవాళ్ల దగ్గర ధర బాగా పడిపోతుంది. మెత్తటి పొడి గుడ్డతో తుడిస్తే చాలు.