మగ్గం ఎక్కబోయే మనవరాలికి

బిడ్డా,

నీ ఉత్తరం అందింది. ఆసుపత్రిలో రాత్రి డ్యూటీలతో మనసు అలసిపోతోందనీ, వరంగల్ కొత్తవాడలో షతరంజీల నేత, అదే నేల మీద పరిచే నూలు జంపఖానాల నేత, నేర్చుకుంటే ఊరటగా ఉంటుందనీ రాశావు. మా నాన్న మగ్గం మన ఇంట్లోంచి పోయిన ఇన్నేళ్లకు మన పిల్ల ఒకతి మళ్లీ ఆ మాట ఎత్తిందని చదివి కళ్లు తుడుచుకున్నాను. తప్పకుండా నేర్చుకో. కానీ ఊరట కోసం మాత్రమే నేర్చుకోకు. ఆ ఒక్క సంగతి చెప్పడానికే ఇంత పెద్ద ఉత్తరం.

1971 డిసెంబరు 3న యుద్ధం మొదలైనప్పుడు నేను సైనిక నర్సింగ్ సర్వీసులో కొత్తగా చేరిన లెఫ్టినెంటును. తూర్పున ఒక సైనిక ఆసుపత్రిలో సర్జికల్ వార్డు నాది. 16న ఢాకాలో లొంగుబాటు జరిగిందని రేడియోలో విని బయట అందరూ కేకలు వేస్తుంటే, మా దగ్గర ఆ రాత్రి కూడా స్ట్రెచర్లు దిగుతూనే ఉన్నాయి. మందుపాతర మీద కాలు పెట్టిన కుర్రవాళ్లకు ఎండాకాలం దాకా కట్లు మార్చాం. గాయం మానాక కొందరిని కృత్రిమ కాళ్ల కోసం పుణే పంపేవాళ్లు.

ఒకతనికి కుడిచేతి వేళ్లు రెండు పోయాయి. మిగిలిన మూడూ బిగుసుకుపోయాయి. కదిలించమని డాక్టరు ఎంత చెప్పినా, నొప్పికి భయపడి ఆ చెయ్యి దుప్పటి కింద దాచుకునేవాడు. నా పెట్టెలో నాన్న ఇచ్చిన నూలు చిలప, అంటే పోగుల కట్ట, ఒకటి ఉండేది. డాక్టరును అడిగి, అందులోంచి కొన్ని పోగులు తీసి మంచం ఊచకు కట్టి, మూడు పాయలుగా అల్లమన్నాను. మొదటిరోజు బెత్తెడు కూడా సాగలేదు. చెమటలు పట్టాయి. మర్నాడు నేను వెళ్లేసరికి తనే ఊచ వైపు తిరిగి కూర్చున్నాడు. నెల తిరిగేసరికి బారెడు తాడు అయింది. వెళ్లేటప్పుడు దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత ఇంగ్లండులో గాయపడిన సైనికులకు సూదిపని నేర్పి జీవనోపాధి చూపించారని చాలా ఏళ్లకు చదివాను. ఆ రోజు మాత్రం నాకు తెలిసింది నాన్న నూలు ఒక్కటే.

సర్వీసు ముగించుకుని వచ్చి ఇక్కడ ఆసుపత్రిలో చేరాక, ఇప్పుడు నువ్వు అనుకుంటున్నదే నేనూ అనుకున్నాను. రాత్రి డ్యూటీ దిగి తిన్నగా నాన్న మగ్గం మీద కూర్చునేదాన్ని. వార్డులో చూసిందంతా అక్కడ మరిచిపోవాలని. అప్పుడు నేసిన షతరంజీ ఇప్పటికీ నా దగ్గర ఉంది. వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే ఒకచోట జల్లెడలా కనిపిస్తుంది, ఆ పక్కనే చెక్కలా బిగిసి ఉంటుంది. వార్డులో ఎవరైనా కన్నుమూసిన రోజున, నిలువు పోగుల పడుగులోకి అడ్డంగా వేసే పేకను ఎంత గట్టిగా లాగి కొట్టానంటే, ఆ మేరకు అంచు రెండు వేళ్లు లోపలికి గుంజుకుపోయింది. నాన్న దాన్ని చేత్తో తడిమి చూసి, "పడుగు మీద కోపం తీర్చుకుంటే అది తెగుతుంది. ముందు నిద్రపో" అన్నాడు.

కాబట్టి ముందు నిద్రపో. లేచి, స్నానం చేసి, తిని అప్పుడు కూర్చో. వార్డు బట్టలతో మగ్గం దగ్గరికి వెళ్లకు, మగ్గం దగ్గరి నూలు దుమ్ముతో వార్డుకూ వెళ్లకు. మాటిమాటికీ కడిగిన మన చేతులు గరుకుదేలి పోగును పట్టి లాగుతాయి. కొబ్బరినూనె రాత్రి పడుకునేముందు రాసుకో, నేతకు ముందు రాస్తే నూలుకు మరక. రోజంతా నిలబడిన కాళ్లతో, గుంటలోకి కాళ్లు దించి నేసే గుంట మగ్గం తొక్కడం కష్టం. డ్యూటీ లేని రోజునే అది పెట్టుకో.

మొదటి నెల పేక నూలును చిన్న పుల్లలకు కండెలుగా చుట్టమంటారు. చిన్నతనం అనుకోకు. నర్సింగులో చేరిన కొత్తలో మాతో పడకలు సర్దించారు, అదీ ఇదీ ఒకటే. తెగిన పోగును ముడి కనపడకుండా అతకడం వచ్చాక రంగులకు రా. రెండు రంగులు కలిసేచోట పేక పోగులు ఒకదానికొకటి మెలిక పడాలి, లేకపోతే అక్కడ సందు పడి, నాలుగు ఉతుకులకే చిరుగుతుంది. ఎరుపు నూలు కొంటే, రంగు దిగుతుందేమో తడి తెల్లగుడ్డతో రుద్ది చూడకుండా మగ్గానికి ఎక్కించకు.

నీకు నేర్పే మనిషి ఆ గంటలో తన కూలి పోగొట్టుకుంటున్నాడని మరవకు. అడక్కముందే లెక్క కట్టి ఇవ్వు. తర్వాత నువ్వు నేసింది ఎవరైనా కొంటామంటే, నీకు జీతం వస్తోంది కదా అని తక్కువకు ఇచ్చేయకు. ఈ మాట మీద నాకు చాలా పట్టుదల ఉంది. 1851లో లండన్ ప్రదర్శనకు వరంగల్ తివాచీ వెళ్లింది, 2018లో మన దర్రీలకు, అంటే ఈ షతరంజీలకే, ఇవి వరంగల్ సరుకని చెప్పే భౌగోళిక గుర్తింపు వచ్చింది, అయినా కొత్తవాడలో చాలామంది నేతగాళ్లు తమ పిల్లలను ఈ పనిలోకి రానివ్వడం లేదు. కూలి గిట్టక. సరదాగా నేసే మన చెయ్యి వాళ్ల ధరను ఇంకా కిందికి లాగకూడదు. పెళ్లిళ్లకు తేదీ చెప్పి అడిగే పని ఒప్పుకోకు. డ్యూటీ చార్టు నీ చేతిలో ఉండదు.

నన్ను చాలామంది యుద్ధం బొమ్మలు నేయమన్నారు. 1979లో సోవియట్ సైన్యం వచ్చిన తర్వాత ఆఫ్ఘన్ నేతగాళ్లు తివాచీల్లో ట్యాంకులు, హెలికాప్టర్లు నేశారు, ఆ యుద్ధం వాళ్ల ఇంటి ముందు జరిగింది కాబట్టి నేశారు. నాకు మాత్రం ఆ కుర్రవాళ్ల గాయాలు నా బొమ్మలు కావనిపించింది. నువ్వూ నీ రోగుల పేర్లు, కథలు నేతలోకి తేకు. నేను నేసినవి చారలు, గళ్లు, ఒక్కసారి మాత్రం వరంగల్ కోట తోరణం.

వచ్చేవారం నీకు సెలవు అన్నావు. పాత నూలు చీర కట్టుకుని రా. ఆ పాడైన షతరంజీని ముందు నీ చేత్తో తడిమి చూద్దువు గాని. తర్వాత ఇద్దరం కలిసి కొత్తవాడ వెళదాం. నాన్న కండెలు ఇంకా నాలుగు నా పెట్టెలో ఉన్నాయి, అవి నీకే.

నీ చిన్నమ్మమ్మ