పాతకాలపు ఐరోపా గౌనుకు బిగుతు చేతులు: చంక మాత్రం దించకండి

14వ శతాబ్దపు ఐరోపా మోడల్ గౌను కుడుతున్నానని, చేతులు మణికట్టు దాకా ఒంటికి అతుక్కున్నట్టు పెట్టానని రాశారు. చెయ్యి ఎత్తితే గౌను మొత్తం పైకి లేస్తోందట, మోచెయ్యి మడిస్తే కుట్టు పట్టేస్తోందట. "చంక ఇంకో అంగుళం దించనా?" అని అడిగారు. దయచేసి దించకండి. నేను సరిగ్గా అదే చేసి మంచి ఉన్ని గుడ్డ పాడుచేసుకున్నాను.

నేను కుట్టుపని నేర్చుకున్నది అమ్మ దగ్గర, జాకెట్ల మీద. చంక దగ్గర పట్టేస్తే కొంచెం లోతుగా కత్తిరించడం నాకు అలవాటైపోయింది. పొట్టి చేతుల జాకెట్టుకు అది ఎలాగో చెల్లిపోయింది. ఇంగ్లండ్ వచ్చాక ఇక్కడ పాతకాలపు వేషాలతో జరిగే ఒక వేడుకకు గౌను కుట్టుకుంటూ అదే అలవాటు కొనసాగించాను. బిగుతుగా అనిపించినప్పుడల్లా చంక దించాను. మూడోసారి దించాక వేసుకుని, వంటింట్లో పై అరలో ఉన్న స్టీలు డబ్బా అందుకోబోయాను. నడుము కుట్టు పక్కటెముకల దాకా ఎగబాకింది, చంక కింద పటుక్కున చిరిగింది. వెనక నిలబడి చూస్తున్న మా ఆడపడుచు, "వదినా, నీ చెయ్యి భుజం దగ్గర తిరుగుతోంది, గౌను చెయ్యి పక్కటెముకల దగ్గర తిరుగుతోంది" అంది. అసలు సంగతి అదే. చంక గుండ్రం ఎంత కిందికి దిగితే, చెయ్యి ఎత్తినప్పుడు అంత గుడ్డను పక్క నుంచి పైకి లాగుతుంది. గుండ్రం చిన్నదై, చంకను తాకీ తాకనట్టు పైకి ఉంటే చెయ్యి ఒక్కటే లేస్తుంది, గౌను కదలదు. మధ్యలో ఒక వేలు దూరేంత ఖాళీ చాలు. వినడానికి తలకిందులుగా ఉంటుంది గానీ ఒక్కసారి వేసుకుని చూస్తే మీకే నమ్మకం కుదురుతుంది.

రెండో సంగతి, చేతి కుట్టు ఎక్కడ వస్తుందన్నది. మన జాకెట్టులో చేతి కుట్టు, పక్క కుట్టు రెండూ చంక కింద కలుస్తాయి. ఆ కాలపు చేతుల్లో చాలావాటికి కుట్టు వెనక వైపున, మోచేతి ఎముక మీదుగా దిగుతుంది. గ్రీన్‌లాండ్‌లో హెర్యోల్ఫ్‌స్నెస్ అనే చోట 1921లో డెన్మార్క్ పురావస్తు పరిశోధకుడు పౌల్ నోర్లుండ్ తవ్వకాలు జరిపినప్పుడు, గడ్డకట్టిన నేలలోని సమాధుల్లో ఉన్ని దుస్తులు దొరికాయి. ఇప్పుడు వాటిలో చాలావరకు డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగన్‌లోని నేషనల్ మ్యూజియంలో ఉన్నాయి. వాటి కటింగు బొమ్మలు చూస్తే ఈ వెనక కుట్టు బాగా అర్థమవుతుంది.

దీనికి మీ దగ్గరున్న చేతి కటింగే సరిపోతుంది. కాగితం మీద గీసి, చంక గుండ్రం వెనక భాగం నుంచి మోచేతి మొన మీదుగా మణికట్టు దాకా నిలువుగా ఒక గీత గీయండి. ఆ గీత మీద కోసి, విడివడిన వెనక ముక్కను తెచ్చి ముందు వైపు చంక అంచుకు అతికించండి. ఇప్పుడు పై అంచు ఒకవైపు లేచి, ఇంకోవైపు పల్లంగా దిగి, పడుకున్న పాములా మెలి తిరుగుతుంది. కంగారుపడకండి, అలాగే రావాలి. కుట్టు మోచేతి మీదికి వచ్చింది కాబట్టి అక్కడ కొంచెం బయటికి వంపు ఇచ్చి, మణికట్టు వైపు లోపలికి తెచ్చేయొచ్చు. చెయ్యి మడిచినప్పుడు కావలసిన చోటు ఆ వంపులో దొరుకుతుంది.

కొలతలు మాత్రం మోచెయ్యి మడిచి, పిడికిలి బిగించి తీసుకోండి. చెయ్యి చాపి తీస్తే పొడవు తప్పకుండా తగ్గుతుంది, నాకు 3 సెం.మీ. తేడా వచ్చింది. ముందు పాత దుప్పటి గుడ్డ మీద కచ్చా కుట్టు వేసి చూడండి. ఒక్కరే గుండుసూదులు పెట్టుకోవడం కష్టం, ఎవరినైనా పిలవండి. మా ఆడపడుచు నా మోచెయ్యి మడిపించి, వెనక కుట్టును రెండు వేళ్ళతో పట్టి, చర్మం నొక్కుకోనంత వరకే బిగించి సూదులు గుచ్చింది. టేపుతో నాకు అంత కచ్చితంగా ఎప్పుడూ రాలేదు.

ఫ్రాన్స్‌లోని లియోన్ నగరంలో షార్ల్ ద బ్లువా అనే ఫ్రెంచ్ ప్రభువు కోటు ఉంది. ఆయన 1364లో యుద్ధంలో చనిపోయాడు. ఆ కోటు చేతి గుండ్రం ఛాతీ మీదికీ వీపు మీదికీ బాగా వెళ్తుంది, ఎన్నో ముక్కలు కలిపి కుట్టింది. చూడడానికి అద్భుతం, కానీ మొదటి గౌనుకు దాన్ని అనుకరించొద్దని నా సలహా.

మోచేతి కింద నుంచి కుట్టు వదిలేసి గుండీలు పెట్టాలి, లేకపోతే అంత బిగుతులోకి అరచెయ్యి దూరదు. గుండీలు అదే గుడ్డతో చేసుకోవచ్చు. 3 సెం.మీ. గుండ్రటి ముక్క అంచుచుట్టూ దారం పోసి, అంచుల్ని లోపలికి నెట్టుతూ లాగి ముడివేస్తే శనగగింజంత గట్టి గుండీ వస్తుంది. దాన్ని చొక్కా గుండీలా లోపలికి కాకుండా సరిగ్గా గుడ్డ అంచు మీదే కుట్టండి. లండన్ తవ్వకాల్లో దొరికిన 14వ శతాబ్దపు చేతి ముక్కల్లో అలాగే ఉంటాయి. కాజాల వెనక సన్నటి పట్టు పట్టీ వేస్తే అంచు సాగదు. నా గౌనుకు ఒక్కో చేతికి 14 గుండీలు పట్టాయి. కాజాలకే నాలుగు సాయంత్రాలు పట్టింది, అయినా ఆ వరుస చూస్తే ఇప్పటికీ నాకు ఎంతో ఇష్టం.

ఇక మీరు ఇప్పటికే కోసేసిన గుడ్డ సంగతి. పారేయకండి. చంక కింద అదే గుడ్డ ముక్క ఒకటి అతికి, గుండ్రాన్ని పైకి తీసుకురండి. ఆ రోజుల్లో ముక్కలు అతకడం మామూలే, ఎవరూ తప్పు పట్టరు. కచ్చా కుట్టు వేశాక చెయ్యి ఎత్తి ఒక ఫొటో, మోచెయ్యి మడిచి ఒక ఫొటో పెట్టండి. ముడతలు ఎటు లాగుతున్నాయో చూసి ఎక్కడ విప్పాలో చెబుతాను.