రైల్వే బ్రిడ్జికి లారీ తగిలింది.. ఇన్సూరెన్స్ ఇవ్వనంటోంది

ప్రశ్న: నాకున్నది ఒక్కటే లారీ, కంటైనర్ బాడీ. ఫైనాన్స్‌లో తీసుకున్నాను. చిత్తూరు చుట్టుపక్కల గుజ్జు ఫ్యాక్టరీల నుంచి డ్రమ్ములు తోలుతుంటాం. ఏడాదిన్నర కిందట మా డ్రైవర్ తిరుపతి వైపు లోడు దించి, రాత్రి ఖాళీ బండితో తిరిగొస్తూ దగ్గర దారని ఒక రైల్వే అండర్‌బ్రిడ్జి కింద దూరాడు. ముందున్న, ఎత్తైన బండ్లను ఆపే ఇనుప గేజికి, ఆ తర్వాత బ్రిడ్జి గర్డరుకు బాడీ పైభాగం తగిలింది. అదే దారిలో పొద్దున లోడుతో వెళ్లినప్పుడు తగల్లేదు. డ్రైవర్ భయపడి బండిని వెనక్కి తీసుకుని వచ్చేశాడు. రెండు రోజులకు రైల్వే రక్షణ దళం (ఆర్పీఎఫ్) వాళ్లు నంబరు పట్టుకుని వచ్చి కేసు పెట్టారు. బండి రిపేరుకు 2,60,000 అయింది. డ్రైవర్ అజాగ్రత్త, ఎత్తు నిబంధన ఉల్లంఘన అంటూ ఇన్సూరెన్స్ కంపెనీ మూడు నెలల్లోనే క్లెయిమ్ తిరస్కరించింది. రైల్వే 4,12,000 కట్టమని లేఖ పంపింది. తప్పు ఒప్పుకుని వాయిదాల్లో కడతానని రాసిస్తే ఇబ్బంది పెట్టరని ఒకాయన చెబుతున్నాడు. చెట్టు కొమ్మ తగిలిందని కొత్తగా క్లెయిమ్ వేద్దామని ఇంకో ఏజెంటు అంటున్నాడు. ఇంట్లో బంగారమంతా కుదువలో ఉంది. పాపకు పెళ్లి పెట్టుకున్నాం. టెన్షన్‌తో నిద్ర లేదు. అంత తక్కువ ఎత్తులో బ్రిడ్జి కట్టిన రైల్వే మీద నేను కేసు వేయొచ్చా?
- ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: నాలుగు పేజీల మీ ఉత్తరంలో మూడు పేజీలు బ్రిడ్జి గురించే రాశారు. నాకు కావలసిన విషయం ఒక్క చోటా లేదు. మీ లారీ ఎత్తెంత? బాడీ కట్టిన షెడ్డు వాళ్లిచ్చిన సర్టిఫికెట్, అంటే ఫారం 22ఏలో, ఆర్టీఓ రికార్డులో ఎంత ఎత్తు ఉంది? ప్రమాదం నాటికి బండి అంతే ఎత్తుందా, లేక ఎక్కువ డ్రమ్ములు పడతాయని తర్వాత పైన రేకు పెంచారా? మీ కేసు మొత్తం దీని మీదే నిలబడుతుంది.

ఎందుకో చెబుతాను. కంపెనీ తిరస్కరణ లేఖలో రెండు కారణాలు కలగలిపి రాసింది. వాటిని విడదీసి చూడాలి. మొదటిది డ్రైవర్ అజాగ్రత్త. ఇది క్లెయిమ్ ఎగ్గొట్టడానికి కారణం కానే కాదు. సొంత బండికీ అవతలివాళ్లకూ కలిపి ఉండే ప్యాకేజీ పాలసీలో సొంత బండి నష్టానికి ప్రీమియం కట్టేదే పొరపాట్లు జరుగుతాయని. డ్రైవర్ చూసుకోకుండా గోడకు గుద్దినా, బ్రిడ్జికి గుద్దినా అది ప్రమాదమే. తాగి నడపడం, లైసెన్సు లేకపోవడం లాంటివి వేరే సంగతి. అలాంటి ఆరోపణ మీ లేఖలో లేదు.

రెండోది ఎత్తు నిబంధన. చట్టం ఒప్పుకున్న ఎత్తులో ఉన్న ప్రతి లారీ ప్రతి బ్రిడ్జి కింద దూరాలని ఎక్కడా లేదు. పాత రైల్వే బ్రిడ్జీలు లారీలు ఇంత పెరగకముందే కట్టినవి. మీ బండి ఆర్సీకి, నిబంధనలకు లోబడిన ఎత్తులోనే ఉండి, ఆ బ్రిడ్జి దానికి చాలలేదంటే అందులో మీ పాలసీ షరతు ఏదీ తప్పలేదు. బోర్డు చూసి ఆగకపోవడం డ్రైవర్ తప్పు. ఆ తప్పు మళ్లీ మొదటి కారణంలోకే పోతుంది, అది క్లెయిమ్‌కు అడ్డం కాదు.

బాడీ ఎత్తు పెంచి ఉంటే మాత్రం కథ మారుతుంది. ఆర్సీ వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుంది. అప్పుడు కూడా క్లెయిమ్ మొత్తం పోయినట్టు కాదు. అమలేందు సాహూ కేసులో 2010లో సుప్రీంకోర్టు, పాలసీ షరతు తప్పినంత మాత్రాన పూర్తిగా చేతులు దులుపుకోవడానికి వీల్లేదని, 'నాన్ స్టాండర్డ్' పద్ధతిలో పరిష్కరించాలని చెప్పింది. ఆ పద్ధతిలో రావలసిన దాంట్లో 75 శాతం దాకా అడగవచ్చు. కాబట్టి ఈ రోజే టేపు పట్టుకుని బండి కొలవండి. రిపేరులో పైభాగం కోయించారా? కోయిస్తే పాత కొలత ఎలా రుజువు చేస్తారు? నష్టం లెక్కకట్టడానికి కంపెనీ పంపిన సర్వేయర్ రిపోర్టు, అతను తీసిన ఫోటోలు, షెడ్డు బిల్లు, చివరి ఎఫ్‌సీ (ఫిట్‌నెస్ సర్టిఫికెట్) రికార్డు, ఇవే మీకు దిక్కు. సర్వేయర్ రిపోర్టు కాపీ ఇవ్వమని కంపెనీకి రాతపూర్వకంగా అడగండి.

'పొద్దున తగల్లేదు, రాత్రి తగిలింది' అన్న మాట మీకు బలం అనుకుంటున్నారు. ఆ మాట కోర్టులో అనకండి. లోడు ఉన్నప్పుడు కమాన్ కట్టలు అణిగి బండి కిందికి కూర్చుంటుంది, ఖాళీ అయితే పైకి లేస్తుంది. ఆ తేడా చాలు తగలడానికి. పొద్దున అంగుళాల్లో తప్పించుకున్నాడంటే, ఆ దారి ఇరుకని మీ డ్రైవర్‌కు ముందే తెలుసని అవతలి వకీలు వాదిస్తాడు. లోడు లారీ దూరిన చోట ఖాళీ లారీ దూరుతుందనుకోవడం మన దగ్గర చాలామంది డ్రైవర్లు చేసే పొరపాటు.

ఇక్కడ మిమ్మల్ని గట్టిగా అనాల్సిన మాట ఒకటుంది. గర్డరుకు బండి తగిలాక డ్రైవర్ ఎవరికీ చెప్పకుండా వచ్చేశాడు. మీకు ఫోన్ చేశాడని మీరే రాశారు. మీరూ ఎవరికీ చెప్పలేదు. గర్డరు కొద్దిగా జరిగినా పైన పట్టాల వరస తప్పుతుంది. తర్వాత వచ్చేది కొండకు పోయే జనంతో నిండిన రైలు కావచ్చు. ముందు గేజి పెట్టేదే దెబ్బ తాను తిని గర్డరును కాపాడటానికి. గేజి దాటి గర్డరుకు తగిలిందంటే ఆ క్షణమే దగ్గరి స్టేషన్‌కు గాని, రైల్వే హెల్ప్‌లైన్ 139కి గాని చెప్పాలి. ఆ ఒక్క ఫోన్ చేసి ఉంటే మీ డ్రైవర్ పరిస్థితి ఇవాళ వేరుగా ఉండేది. రైల్వే చట్టం 154వ సెక్షన్ కింద, నిర్లక్ష్యంతో ప్రయాణికుల భద్రతకు ముప్పు తెస్తే ఏడాది దాకా జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. పారిపోయాడన్న మాట ఆ కేసులో అతనికి బరువవుతుంది.

అందుకే ఆ కేసులో డ్రైవర్‌ను 'ఒప్పేసుకుని ఫైన్ కట్టేయ్' అని కోర్టుకు పంపకండి. ఒప్పుకోలు అక్కడితో ఆగదు. రేపు డబ్బు కేసులో అదే కాగితం మీ ముందు పెడతారు. అతనికి విడిగా వకీలును పెట్టండి.

ఇప్పుడు రైల్వే అడిగిన 4,12,000 సంగతి. మీ ఉత్తరంలో నాకు బాధ కలిగించింది ఇదే. ఆ లేఖ వచ్చి ఎన్నో నెలలైనా మీరు ఇన్సూరెన్స్ కంపెనీకి పంపలేదు. బండి డ్యాష్‌బోర్డులో పెట్టుకుని తిరిగారు! మీ పాలసీకి రైల్వే థర్డ్ పార్టీ, అంటే మీరూ కంపెనీ కాని మూడో పక్షం. గేజి, గర్డరు థర్డ్ పార్టీ ఆస్తి. ఆ నష్టం తీర్చడానికే మీరు ఏటా థర్డ్ పార్టీ ప్రీమియం కడుతున్నారు. మామూలు కమర్షియల్ ప్యాకేజీ పాలసీలో థర్డ్ పార్టీ ఆస్తి నష్టం పరిమితి 7,50,000. అంటే రైల్వే అడిగింది అందులోనే సరిపోతుంది. అయితే పాలసీ షెడ్యూల్ తీసి 'టీపీపీడీ' (థర్డ్ పార్టీ ఆస్తి నష్టం) అన్న చోట ఏముందో చూడండి. కొద్దిపాటి ప్రీమియం తగ్గుతుందని కొందరు ఏజెంట్లు ఆ పరిమితిని 6,000కు తగ్గించి పెడతారు. అలా ఉంటే మిగతాది మీ మీదే పడుతుంది.

పాలసీ వెనక పేజీలో రెండు షరతులుంటాయి, ఎవరూ చదవరు. ప్రమాదం గురించి వెంటనే రాతపూర్వకంగా చెప్పాలి, అవతలివాళ్ల నుంచి వచ్చే ప్రతి లేఖ, నోటీసు, సమన్లు వెంటనే కంపెనీకి పంపాలి. ఇది మొదటిది. కంపెనీ రాతపూర్వక అనుమతి లేకుండా తప్పు ఒప్పుకోవడం, డబ్బిస్తానని మాటివ్వడం, చెల్లించడం చేయకూడదు. ఇది రెండోది. మీరు మొదటిది ఇప్పటికే సగం పాడు చేశారు. వాయిదాల్లో కడతానని సంతకం పెడితే రెండోదీ పోతుంది. ఆ కాగితం చేతికి అందిన రోజున కంపెనీకి అంతకన్నా తేలిక ఉండదు. 'మా అనుమతి లేకుండా ఒప్పుకున్నాడు, మాకు సంబంధం లేదు' అంటుంది. 4,12,000 మొత్తం మీ నెత్తిన పడుతుంది. ఎవరు చెప్పినా, ఎంత మర్యాదగా అడిగినా, ఖాళీ ఫారం ఇచ్చినా సరే, సంతకం పెట్టకండి.

చెట్టు కొమ్మ ఆలోచన గురించి ఎక్కువ చెప్పను. ఆర్పీఎఫ్ కేసులో మీ లారీ నంబరు, చోటు, తేదీ ఉన్నాయి. మొదటి క్లెయిమ్ ఫారంలో మీరే బ్రిడ్జి అని రాశారు. ఇప్పుడు కొమ్మ అంటే అది మోసం. భారతీయ న్యాయ సంహిత 318(4) కింద ఏడేళ్ల దాకా శిక్ష. ఆ ఏజెంటు కమీషన్ తీసుకుని పోతాడు, ముద్దాయిగా మిగిలేది మీరు. అతన్ని ఇంటికి రానివ్వకండి.

రైల్వే మూడేళ్లు ఊరుకుంటే గడువు దాటిపోతుందని ఎవరో చెప్పారని రాశారు. తప్పు. ప్రభుత్వం వేసే దావాకు లిమిటేషన్ చట్టం 112వ ఆర్టికల్ ప్రకారం 30 ఏళ్ల గడువుంది. మీకు మాత్రం అంత లేదు. క్లెయిమ్ తిరస్కరణ మీద వినియోగదారుల కమిషన్‌కు వెళ్లడానికి 2019 వినియోగదారుల రక్షణ చట్టం 69వ సెక్షన్ కింద రెండేళ్లే. తిరస్కరణ తేదీ నుంచి లెక్కపెడితే మీకు తొమ్మిది నెలలు ఉన్నట్టు. కంపెనీ వకీలు ప్రమాదం తేదీ నుంచి లెక్కపెట్టాలని వాదిస్తాడు, అలా చూస్తే ఆరు నెలలే. ఆలస్యాన్ని మన్నించే అధికారం కమిషన్‌కు ఉంది గాని, దాని మీద ఆధారపడి కూర్చోవద్దు. ఆరు నెలలే ఉన్నాయనుకుని కదలండి.

కేసు చిత్తూరులోని జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే వేయవచ్చు, మీరు ఉండే ఊరు చాలు. కమిషన్ పరిధి, ఫీజు మీరు కట్టిన ప్రీమియాన్ని బట్టి ఉంటాయి. అది ఐదు లక్షల లోపే కాబట్టి ఫీజు లేదు. 'లారీ వ్యాపారానికి కదా, మీరు వినియోగదారుడే కాదు' అని కంపెనీ అంటుంది. 2023లో హర్సోలియా మోటార్స్ కేసులో సుప్రీంకోర్టు ఆ వాదనను పక్కన పెట్టింది. బీమా తీసుకునేది నష్టం పూడ్చుకోవడానికే గాని లాభం కోసం కాదని చెప్పింది. ఆ తీర్పు కాపీ ఫిర్యాదుతో జతపరచండి.

ఇక మీరడిగిన అసలు ప్రశ్న, రైల్వే మీద కేసు. బ్రిడ్జి తక్కువ ఎత్తులో ఉందన్న ఒక్క కారణంతో దావా నిలవదు. నిలిచే అవకాశం ఒక్క చోట ఉంది. బోర్డు మీద రాసిన ఎత్తు, నిజంగా ఉన్న ఎత్తు ఒకటేనా? రోడ్డు మీద తారు పొర మీద పొర వేసుకుంటూ పోతారు. ప్రతి పొరతో బ్రిడ్జి కింద ఖాళీ తగ్గుతుంది, బోర్డు మాత్రం పాతదే ఉంటుంది. బోర్డు 3.6 మీటర్లని చెప్పి కింద అంత ఎత్తు లేకపోతే తప్పు మీ డ్రైవర్‌ది ఒక్కడిదే కాదు. రైల్వే అడిగే మొత్తాన్ని తగ్గించమనడానికి అది గట్టి ఆధారం. నష్టపరిహారం కోసం మీరే ఎదురు దావా వేయడం కన్నా దీన్ని రక్షణగా వాడుకోవడమే మేలు. దావానే వేయదలిస్తే సివిల్ ప్రొసీజర్ కోడ్ (సీపీసీ) 80వ సెక్షన్ కింద ఆ రైల్వే జోన్ జనరల్ మేనేజర్‌కు నోటీసిచ్చి రెండు నెలలు ఆగాలి.

కానీ ఈ ఆధారం రోజురోజుకూ చెరిగిపోతోంది. రేపు రోడ్డు తవ్వి మళ్లీ వేస్తే, బోర్డుకు కొత్త రంగు వేస్తే ఏం చూపిస్తారు? ఈ వారమే ఒక ఇంజినీరును తీసుకెళ్లి రోడ్డు మీద నుంచి గర్డరు దాకా, గేజి దాకా, రెండు అంచుల్లో, మధ్యలో కొలిపించండి. బోర్డు, టేపు ఒకే ఫ్రేములో పడేలా ఫోటోలు తీయండి. రైళ్లు తిరిగే కట్ట మీదికి ఎక్కకండి, కొలత రోడ్డు మీద నుంచే సరిపోతుంది. ఫోటోలు తీసిన ఫోన్ అమ్మకండి. డ్రైవర్ ఆ రాత్రి తీసిన ఫోటోలున్న ఫోన్ మార్చేశాడని రాశారు, అది పెద్ద నష్టం. వాట్సాప్‌లో మీకు పంపినవి మీ ఫోన్‌లో ఉంటే వాటినే కాపాడుకోండి. ఫోన్‌లోని ఫోటోలను సాక్ష్యంగా పెట్టడానికి కావలసిన భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ సర్టిఫికెట్‌తో దాఖలు చేయాల్సి ఉంటుంది. కేసు నడిచేటప్పుడు కోర్టు ద్వారా, చోటు చూసి రిపోర్టిచ్చే అడ్వొకేట్ కమిషనర్‌ను వేయించి మళ్లీ కొలిపించవచ్చు.

దాంతో పాటే రెండు ఆర్టీఐ దరఖాస్తులు, ఒక్కోదానికి పది రూపాయల ఫీజు. ఒకటి గుంతకల్లు రైల్వే డివిజన్‌కు: ఆ బ్రిడ్జి నంబరు, రికార్డులో ఉన్న ఎత్తు, గేజి ఎప్పుడు పెట్టారు, మీ ప్రమాదానికి ముందు అక్కడ ఎన్నిసార్లు బండ్లు తగిలాయి, 4,12,000లో గేజి ఖర్చెంత, గర్డరు తనిఖీ ఖర్చెంత, రైళ్లు ఆగినందుకు ఎంత వేశారు. ఆస్తి నష్టం కంపెనీ బాధ్యతలోకి వస్తుంది, రైళ్లు ఆగిన నష్టం దగ్గర పేచీ తప్పదు, అందుకే ఈ విడి లెక్క కావాలి. రెండోది ఆ రోడ్డు ఎవరిదైతే వాళ్లకు, ఆర్ అండ్ బీ అయినా, మున్సిపాలిటీ అయినా: గత పదేళ్లలో ఎన్నిసార్లు తారు వేశారు, ఎంత మందం. ముప్పై రోజుల్లో జవాబు రాకపోతే మొదటి అప్పీలు వేయండి.

వీటన్నిటికన్నా ముందు, ఈ పత్రిక చదివిన మర్నాడే, రైల్వే లేఖ కాపీని కవరింగ్ లెటర్‌తో రిజిస్టర్డ్ పోస్టులో ఇన్సూరెన్స్ కంపెనీకి పంపండి. ఆలస్యానికి నిజమైన కారణం ఏదో అదే రాయండి. 'ఈ థర్డ్ పార్టీ క్లెయిమ్‌ను పాలసీ ప్రకారం మీరే ఎదుర్కోవాలి, మీ అనుమతి లేకుండా నేనేమీ ఒప్పుకోలేదు, చెల్లించలేదు' అన్న వాక్యం అందులో ఉండాలి. రైల్వేకు మాత్రం, లేఖను బీమా కంపెనీకి పంపానని, ఖర్చుల విడి వివరాలు కావాలని, అంతవరకే రాయండి. రసీదులు రెండూ భద్రంగా దాచి, టేపు కొలత కాగితంతో పాటు మీ వకీలుకు ఇవ్వండి.