చీమల మందు చీమల చేతికే ఇవ్వు

అమ్మణ్ణీ,

వంటగట్టు మీద చీమ కనపడగానే స్ప్రే కొడుతున్నానన్నావు. ముందు అది ఆపు. నువ్వు చంపేవి తిండికి తిరిగే కూలీలను. రాణులు గోడ లోపల చల్లగా ఉన్నాయి. నువ్వు చెప్పిన గుర్తులు, రెండు మిల్లీమీటర్ల లేత పసుపు ఒళ్ళు, నల్లబారిన పొట్ట చివర, స్విచ్‌బోర్డులోంచి రావడం, ఇవన్నీ చూస్తే ఫారో చీమలే. సరుకులతో పాటు దేశదేశాలు పాకిన జాతి. ఒక్కో గూట్లో రాణులు చాలానే ఉంటాయి. స్ప్రేతో బెదరగొడితే ఒక గుంపు కాస్తా నాలుగై, నాలుగు గదుల్లో కాపురం పెడతాయి.

మీ మామ గమాక్సిన్ చల్లమంటాడు, వినకు. అది లిండేన్ అనే పురుగుమందు, దాన్ని మన దేశంలో నిషేధించి ఏళ్ళయింది.

మూలికల కొట్లో వెలిగారం అడుగు, బోరాక్స్ అన్నా అర్థమవుతుంది. కప్పు గోరువెచ్చని నీళ్ళలో ఎనిమిది టీ చెంచాల పంచదార, అర చెంచా వెలిగారం కలుపు. ఎక్కువేస్తే దారిలోనే చస్తాయి, మందు రాణిదాకా పోదు. దూది ముంచి సీసా మూతలో పెట్టి, చీమల బారు పక్కన ఉంచు. దగ్గరగా చూడు: చీమ మూతి ఆనించి తాగి, పొట్ట ఉబ్బించుకుని వచ్చిన దారినే పోతుంది. గూట్లో పిల్లలకీ రాణులకీ నోటితో పంచుతుంది. మొదట్లో బారు ఇంకా చిక్కబడుతుంది. టెన్షన్ పడి చీపురు తీయకు, సుద్దముక్కతో గీత కూడా గీయకు. దూది ఎండితే మార్చు. రెండు మూడు వారాలు పడుతుంది.

పంచదార ముట్టకుండా చేపల పులుసు గిన్నె చుట్టూ మూగితే, నూరిన వేరుశనగల్లో చిటికెడు వెలిగారం కలిపి పెట్టు. ఏదైనా సరే, బాబుకి అందని చోట. అది విషమే. ఆ చెంచా మళ్ళీ వంటింట్లోకి రాకూడదు.

గోడ సందుల్లో వైట్ సిమెంటు చీమలు పోయాకే పెట్టు, ముందు కాదు. కానీ అక్టోబరు వానలు ముదరకముందే ముగించు.

బయట మందార మీద పిండినల్లి పురుగు ఉంటే వేరే చీమలు అది కార్చే తీపి రసం కోసం చేరతాయి. నెల్లూరు జిల్లా పొదలకూరు నిమ్మతోటల్లోనూ ఇదే తంతు. సబ్బునీళ్ళు కొట్టు, గోడకి తగిలే కొమ్మలు నరుకు.

నర్సరీ కుండీ ఇంట్లోకి తెచ్చేముందు బకెట్ నీళ్ళలో కాసేపు ముంచు. చీమలు గుడ్లు కరుచుకుని పైకి తేలితే, ఆ కుండీని అటే వెనక్కి పంపు.

మీ పెద్దమ్మ